సైన్యంలో ఎవరుండాలో మనం చెప్పొచ్చా?

(సైనిక జీవితం, నియామకాలు, కుటుంబాల సమస్యలపై పాఠకుల ప్రశ్నలకు ఆర్డ్‌నెన్స్ కోర్‌లో (సైన్యానికి ఆయుధాలు, సామాను సమకూర్చే విభాగం) పనిచేసిన విశ్రాంత లెఫ్టినెంట్ కల్నల్ జవాబులు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి కాబట్టి అన్నీ కలిపి వేస్తున్నాం.)

ప్రశ్న: సైన్యంలో ఆడవాళ్ళకీ, ఇన్నాళ్ళూ చోటు దక్కని వర్గాలకీ అవకాశాలు పెంచాలా అని మా కాలేజీలో చర్చ పెట్టారు. "అది రక్షణ శాఖ వ్యవహారం, మామూలు జనం వేలు పెట్టకూడదు" అని మా లెక్చరర్ గారు తేల్చేశారు. నిజంగా మనకి మాట్లాడే హక్కు లేదా మేడమ్? రాసినా ఎవరైనా చదువుతారా?
– డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

హక్కు ఉందమ్మా. అంతకన్నా ముఖ్యమైన సంగతి, మాట్లాడాల్సిన అవసరం ఉన్నది బయటున్న మీకే. ఎందుకో చెబుతాను.

యూనిఫాం వేసుకున్నవాళ్ళు బహిరంగంగా మాట్లాడలేరు. రాజ్యాంగం 33వ అధికరణం సైనికుల ప్రాథమిక హక్కులకు హద్దులు పెట్టే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది. ఆర్మీ రూల్స్, 1954 ప్రకారం సర్వీసులో ఉన్నవాళ్ళు సంఘం పెట్టకూడదు, రాజకీయ సభలకు వెళ్ళకూడదు, అనుమతి లేకుండా పత్రికలకు రాయకూడదు. సొంత అన్యాయం మీద మాత్రం ఫిర్యాదు చేసుకోవచ్చు. ఆఫీసరైతే ఆర్మీ చట్టం 27వ సెక్షన్ కింద, జవానైతే 26వ సెక్షన్ కింద. అది కూడా "నాకు ఫలానా నష్టం జరిగింది" అని చెప్పుకోవడానికే. "ఈ విధానమే తప్పు, మార్చండి" అనడానికి అక్కడ చోటు లేదు. నెలకోసారి యూనిట్‌లో దర్బార్ జరుగుతుంది. జవాను లేచి తన పాయింట్ చెబుతాడు, సీవో (కమాండింగ్ ఆఫీసర్) వింటాడు. మంచి ఆనవాయితీ. కానీ అక్కడ తేలేది వంటశాల భోజనం, సెలవు, క్వార్టర్ల సంగతే. నియామక విధానం సీవో చేతిలో ఉండదు కదా.

అందుకే మన దేశంలో సైన్యం తలుపులు తెరుచుకున్న ప్రతిసారీ బయటినుంచి ఎవరో ఒకరు తట్టారు. ఆర్మీ చట్టం, 1950 లోని 12వ సెక్షన్ ఇప్పటికీ ఏమంటుందంటే, కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా చెప్పిన విభాగాల్లో తప్ప స్త్రీలకు రెగ్యులర్ ఆర్మీలో ప్రవేశం లేదు. వైద్య, నర్సింగ్ సేవలను దాటి ఆ నోటిఫికేషన్ వచ్చింది 1992లో. అంతకుముందే హిమాచల్‌కు చెందిన ప్రియా ఝింగన్ అనే లా చదివిన అమ్మాయి ఏకంగా ఆర్మీ చీఫ్ జనరల్ రోడ్రిగ్స్‌కు ఉత్తరం రాసింది. ఆడపిల్లల్ని ఎందుకు తీసుకోరని అడిగింది. చీఫ్ స్వయంగా జవాబిచ్చారు, ఒకటి రెండేళ్ళలో తీసుకోబోతున్నామని. ఆ తర్వాత ప్రకటన పడింది. 1993 మార్చిలో మద్రాసు ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ నుంచి బయటికొచ్చిన 25 మంది తొలి బ్యాచ్‌లో ఆమె ఉంది. ఒక్క ఉత్తరంతోనే విధానం మారిందని నేను అనను. కానీ దేశంలో అమ్మాయిలు కోరుకుంటున్నారని చీఫ్ టేబుల్ మీద ఒక కాగితం ఉండటం చిన్న విషయం కాదు.

తర్వాతి తలుపు కోర్టు. మహిళలకు శాశ్వత కమిషన్ (రిటైరయ్యేదాకా ఆఫీసర్‌గా కొనసాగే వీలు) కోసం 2003లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళిన బబితా పునియా న్యాయవాది, ఆర్మీ ఆఫీసర్ కాదు. ఎన్‌డీయే (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) ప్రవేశ పరీక్ష అమ్మాయిలను రాయనివ్వాలని సుప్రీంకోర్టుకు వెళ్ళిన కుశ్ కాల్రా కూడా న్యాయవాదే. టెరిటోరియల్ ఆర్మీలో (అవసరమైనప్పుడు పిలిచే పౌరుల దళం) స్త్రీలకు చోటు లేకపోవడాన్ని ఢిల్లీ హైకోర్టులో ప్రశ్నించి 2018లో గెలిచిందీ ఆయనే. వేలు పెట్టకూడదని వీళ్ళు ఊరుకుని ఉంటే ఏమయ్యేదో మీ లెక్చరర్ గారిని గౌరవంగానే అడగండి.

ప్రశ్న: ఇరవై ఎనిమిదేళ్ళు ఇన్‌ఫాంట్రీలో చేసి వచ్చాను. ఆడపిల్లలంటే నాకు చిన్నచూపు లేదు, మా మనవరాలు కూడా పోలీసు పరీక్షకు చదువుతోంది. కానీ కోర్టులూ, పేపర్లూ చెప్పినట్టు సైన్యం నడిస్తే క్రమశిక్షణ ఏమవుతుంది? పల్లెనుంచి వచ్చిన జవాను ఆడ కమాండర్ మాట వింటాడా? మహిళా సీవోల మీద ఒక జనరల్ గారు రాసిన లేఖ పేపర్లో చూశాను. దానికేమంటారు?
– విశ్రాంత సుబేదార్, మాధవరం, తాడేపల్లిగూడెం దగ్గర

సుబేదార్ సాబ్, మీ ఊరి పేరు చూడగానే కూర్చున్నదాన్ని కాస్త నిటారుగా కూర్చున్నాను. ఇంటింటికీ ఒక ఫౌజీ ఉన్న ఊరినుంచి వచ్చిన ప్రశ్నకు దాటవేత జవాబు ఇవ్వను.

మీరడిగిందే ప్రభుత్వం కూడా సుప్రీంకోర్టు ముందు రాసి ఇచ్చింది. జవాన్లు ఎక్కువగా పల్లెల నుంచి వచ్చిన మగవాళ్ళు, మహిళా ఆఫీసర్ కమాండ్‌ను ఒప్పుకోవడానికి మానసికంగా ఇంకా సిద్ధంగా లేరు అని. 2020 ఫిబ్రవరి 17న జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ అజయ్ రస్తోగీ ఆ వాదనను కొట్టేశారు, మహిళలకు శాశ్వత కమిషన్ ఇవ్వమన్నారు. నాకు ఆ వాదన చదివినప్పుడు కోపం వచ్చింది ఆఫీసర్ల తరఫున కాదు, జవాన్ల తరఫున. శీతాకాలం ముందు ఎత్తైన కొండల మీది పోస్టులకు సామాను పంపే పనిలో నా కింద ఉన్నవాళ్ళు రాజస్థాన్, బిహార్, మన రాయలసీమ పల్లెల నుంచి వచ్చినవాళ్ళే. వాళ్ళు నా దగ్గర చూసింది మూడే. మంచు పడేలోగా బూట్లు, జాకెట్లు, స్టవ్‌లు పైకి చేరతాయా, సెలవు కాగితం వేళకి కదులుతుందా, తప్పు జరిగినప్పుడు మేడమ్ తనమీద వేసుకుంటారా, కింద వాడిమీదికి తోస్తారా. ఈ మూడూ సరిగ్గా ఉన్నచోట సెల్యూట్ గట్టిగా వచ్చింది. సరిగ్గా లేనిచోట మగ ఆఫీసర్లకూ మొక్కుబడి సెల్యూటే వచ్చింది. మీరు నాకన్నా ఎక్కువమంది ఆఫీసర్లను చూశారు, మీకు తెలియంది కాదు.

ఇక ఆ లేఖ. 2024లో ఒక కోర్ కమాండర్ తన కింద పనిచేసిన ఎనిమిది మంది మహిళా కమాండింగ్ ఆఫీసర్ల పనితీరు మీద పై అధికారులకు రాశారు. అహం ఎక్కువ, కింది వాళ్ళ కష్టం పట్టించుకోరు వంటి మాటలే పత్రికల్లో శీర్షికలకెక్కాయి. నేను దాన్ని కొట్టిపారేయను. అనుభవమున్న సైనికుడు చూసింది రాశాడు. కానీ ఎనిమిది మందిని చూసి వేలమంది గురించి తేల్చలేం. పైగా ఈ మహిళలను కమాండ్ కోసం మొదటినుంచీ తయారు చేయలేదన్న మాట కూడా అందులోనే ఉంది. అసలు కీలకం అది సాబ్. మగ ఆఫీసర్ కమిషన్ అయిన రోజు నుంచీ "రేపు నువ్వు సీవో అవుతావు" అన్న లెక్కలోనే కోర్సులు, పోస్టింగులు పడతాయి. మాకు షార్ట్ సర్వీస్. 14 ఏళ్ళకు మించి ఉండరు కదా అని ముఖ్యమైన కోర్సులకు పంపేవారు కాదు. ఏసీఆర్‌లు (ఆఫీసర్ పనితీరు మీద ఏటా రాసే రహస్య నివేదికలు) కూడా పైపైన రాసేసేవారు, ఎలాగూ ప్రమోషన్ బోర్డుకు వెళ్ళేవి కావు కాబట్టి. తీరా 2020 తీర్పు వచ్చాక అవే ఏసీఆర్‌లను ముందు పెట్టుకుని మార్కులు వేశారు. పాతికేళ్ళప్పుడు మగవాళ్ళు దాటే షేప్-1 వైద్య పరీక్షను నలభై దాటిన మహిళలకు పెట్టారు. 2021 మార్చి 25న లెఫ్టినెంట్ కల్నల్ నితీష కేసులో సుప్రీంకోర్టు పట్టుకున్నది సరిగ్గా ఇదే. నియమం చూడ్డానికి అందరికీ ఒకటే. దాని బరువు పడింది మాత్రం ఒక్క వైపున. దాన్ని పరోక్ష వివక్ష అంది కోర్టు. మహిళలకు కల్నల్ సెలక్షన్ బోర్డు పెట్టింది 2023 జనవరిలో, 108 ఖాళీలకు. ఆ తర్వాత రెండేళ్ళు తిరక్కుండానే పరీక్ష ఫలితం అడుగుతున్నాం.

ప్రమాణాలు తగ్గించమని మాత్రం నేనెప్పుడూ అడగను. యుద్ధంలో బరువు మోయాల్సిన పనికి ఎంత బరువు అవసరమో అంతే పెట్టండి, ఎవరికైనా. కానీ పనితో సంబంధం లేని గీతలు చాలా ఉన్నాయి, అవి చెరిపేయండి అంటాను. సైన్యంలోని న్యాయ విభాగం జాగ్‌నే చూడండి. కోర్టు మార్షల్ నడిపే వకీలు పని. అందులో ఒక బ్యాచ్‌కు మగవాళ్ళకు 6, ఆడవాళ్ళకు 3 ఖాళీలు వేరువేరుగా పెట్టారు. మెరిట్‌లో తన కన్నా కింద ఉన్న మగ అభ్యర్థులకు సీటు వచ్చి తనకు రాని అమ్మాయి కోర్టుకెళ్ళింది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ విభజనను కొట్టేసింది. చట్టం పుస్తకం చదవడానికి కండబలం ఎందుకు సాబ్?

మీకో విన్నపం. మీలాంటివారి సందేహాలు కూడా ఢిల్లీకి చేరాలి. క్రమశిక్షణ ఎక్కడ దెబ్బతింటుందని మీకనిపిస్తుందో, ఏ యూనిట్లలో, ఏ పరిస్థితిలో, అది రాయండి. అనుకూలంగా రాసేవాళ్ళ ఉత్తరాలే చేరితే విధానం సగం కళ్ళతో తయారవుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ. ఎన్‌డీయే రాస్తానంటోంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆడపిల్లలకు సీట్లు బాగా తక్కువంటున్నారు. ప్రయత్నించమంటారా?
– ఒక తల్లి, నంద్యాల

తప్పకుండా రాయించండమ్మా. 2021 ఆగస్టు 18న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వబట్టి ఆ ఏడాది నవంబరు 14 పరీక్షకు తొలిసారి అమ్మాయిలు కూర్చున్నారు. 1,002 మంది రాత పరీక్ష దాటారు. సీట్లు మాత్రం 19. ఆ తొలి బ్యాచ్‌లో 17 మంది మూడేళ్ళ శిక్షణ పూర్తిచేసి 2025 మే 30న ఖడక్‌వాస్లాలో పాసింగ్ అవుట్ పరేడ్ చేశారు. సీట్లు ఎందుకు అంతకే ఆపారని కోర్టే ప్రభుత్వాన్ని అడిగింది. మీరూ అడగొచ్చు.

రాత పరీక్షలో గణితం 300 మార్కులు, జనరల్ ఎబిలిటీ 600, ఆపైన ఎస్ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు ఇంటర్వ్యూ) 900. ఎంపీసీ పిల్లకు గణితం భయం లేదు. ఇబ్బంది భాషతోనే. ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీలలోనే ఉంటుంది. హిందీ మాతృభాష అయిన పిల్లకు గణితం పేపర్ తన భాషలో చదువుకునే వీలుంది, మన పిల్లకు లేదు. ఆఫీసర్‌కు ఇంగ్లీషు రావాలి, ఒప్పుకుంటాను, దానికి ఇంగ్లీషు భాగం వేరే ఉంది. లెక్క అర్థం కావడానికి ఇంగ్లీషు పరీక్ష ఎందుకు? 2025లో జవాన్ల స్థాయి అగ్నివీర్ రాత పరీక్షను తెలుగు సహా 13 భాషల్లో పెట్టారు. కింది మెట్టు మీద కుదిరింది పై మెట్టు మీద ఎందుకు కుదరదు? కలుపుకుపోవడం అనగానే అందరూ స్త్రీ పురుషుల దగ్గరే ఆగిపోతారు. నా దృష్టిలో మన ప్రాంతానికి ఇంతకన్నా పెద్ద పాయింట్ లేదు. దీనిమీద యూపీఎస్సీకి, రక్షణ మంత్రిత్వ శాఖకు మీ ఎంపీ ద్వారా రాయించండి.

అమ్మాయికి ఇంకో మాట చెప్పండి. పరుగు ఇప్పుడే మొదలుపెట్టమనండి, ఎస్ఎస్‌బీ పిలుపు వచ్చాక కాదు.

ప్రశ్న: 'సైన్యానికి పనికొచ్చే జాతులు' అని బ్రిటిష్‌వాళ్ళు కొందరినే తీసుకునేవారని విన్నాను. తెలుగువాళ్ళనూ పక్కన పెట్టారా? అప్పట్లో ఎవరైనా అడిగారా?
– చరిత్ర ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

పెట్టారు మాస్టారూ. ఉత్తరాదిలో సిపాయిని 'తిలంగా' అని పిలిచేవారంటే మనవాళ్ళు కంపెనీ సైన్యంలో ఎంతగా ఉండేవారో ఊహించుకోవచ్చు. 1880ల తర్వాత లార్డ్ రాబర్ట్స్ హయాంలో దక్షిణాదివాళ్ళలో పోరాట గుణం తగ్గిపోయిందన్న సిద్ధాంతం బలపడి, మద్రాసు పటాలాలను తగ్గించుకుంటూ పంజాబీలు, గూర్ఖాలు, పఠాన్లవైపు మొగ్గారు.

అడిగినవాళ్ళున్నారా అంటే, ఉన్నారు. నాకు చాలా ఇష్టమైన చరిత్ర ఇది. 1890ల ఆరంభంలో, మహారాష్ట్రలో అంటరానివారిగా చూసిన మహార్ల నియామకం ఆపేశారు. సైన్యంలో సుబేదార్‌గా చేసిన అంబేడ్కర్ తండ్రి రామ్‌జీ ఆ కులంవారే. విశ్రాంత సైనికుడైన గోపాల్ బాబా వలంగ్‌కర్ 1894లో ప్రభుత్వానికి అర్జీ రాశాడు. తర్వాత శివ్‌రామ్ జానబా కాంబ్లే పూనుకున్నాడు. 1910లో ఆయన అర్జీ లండన్‌లో భారత వ్యవహారాల మంత్రి దాకా వెళ్ళింది. మేం ఇంతకుముందు మీకోసం యుద్ధాలు చేశాం, ఇప్పుడు పుట్టుక చూసి ఎందుకు వద్దంటారు అన్నది దాని సారాంశం. వెంటనే ఫలితం రాలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక 1917లో 111వ మహార్స్ పటాలం పెట్టారు, 1921లో మళ్ళీ రద్దు చేశారు. అంబేడ్కర్ 1941లో వైస్రాయ్ రక్షణ సలహా సంఘంలో సభ్యుడయ్యాక పట్టుబట్టారు. ఆ అక్టోబరులో బెల్గాంలో మహార్ రెజిమెంట్ పుట్టింది. మొదటి అర్జీకీ, ఆ రెజిమెంట్‌కీ మధ్య దాదాపు అర్ధశతాబ్దం. అర్జీ రాసినవాళ్ళలో చాలామంది ఆ ఫలితం చూడలేదు.

భారతీయులు ఆఫీసర్లు కావడం సంగతీ ఇలాంటిదే. 1925లో వేసిన స్కీన్ కమిటీలో మోతీలాల్ నెహ్రూ, జిన్నా సభ్యులు. ఎందరో సాక్షులను పిలిచి విని, ఇక్కడే సైనిక కళాశాల పెట్టమంది. 1932లో డెహ్రాడూన్ అకాడమీ తెరిచారు. పరాయి ప్రభుత్వమే సాక్షులను పిలిచి వినగలిగినప్పుడు మన ప్రభుత్వాన్ని అలా వినమని అడగడం అత్యాశ కాదు.

ప్రశ్న: ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు సైన్యంలో చోటుందా?
– పేరు రాయవద్దన్న పాఠకులు, విశాఖపట్నం

2017లో మీ ఊళ్ళోనే నేవీలో పనిచేస్తూ లింగమార్పిడి చేయించుకున్న నావికురాలిని సర్వీసు నుంచి తప్పించారు. పురుషుడిగా చేరినవాళ్ళు ఆ గుర్తింపు మార్చుకుంటే నియమాలు ఒప్పుకోవన్నది నేవీ మాట. ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టం 2019లో వచ్చింది, ఉద్యోగాల్లో వివక్ష కూడదంటుంది. చట్టానికీ సైనిక నియమాలకీ మధ్య ఉన్న ఈ ఖాళీని ప్రభుత్వమే స్పష్టంగా పూడ్చాలి. ఏళ్ళ తరబడి శిక్షణ ఇచ్చి, పని నేర్పిన మనిషిని ఒడ్డు మీది ఉద్యోగంలోనైనా ఉంచుకోకుండా ఇంటికి పంపడం నాకు సమ్మతం కాదు.

ప్రశ్న: మా ఆయన ఇంకా సర్వీసులో ఉన్నారు. ఆయన రాయకూడదు, సరే. నేను రాయొచ్చా? ఎవరికి, ఎలా రాయాలి? కోర్టుకెళ్ళే స్తోమత లేదు.
– ఒక జవాన్ భార్య, మార్కాపురం

మీరు పౌరురాలు, నిక్షేపంగా రాయొచ్చు తల్లీ. ఒక్కటే జాగ్రత్త. మీ ఆయన యూనిట్ ఎక్కడుంది, ఎటు కదులుతోంది, ఎంతమంది ఉన్నారు, ఈ వివరాలేవీ ఉత్తరంలో రానివ్వకండి. ఆయన మీతో రాయించినట్టు కాక, మీకు ఎదురైన సంగతి మీ మాటల్లో ఉండాలి.

రాసేముందు సమాచారం తీసుకోండి. సమాచార హక్కు చట్టం నుంచి మినహాయించిన సంస్థల జాబితాలో బీఎస్ఎఫ్, సీఆర్‌పీఎఫ్ లాంటివి ఉన్నాయి కానీ ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ లేవు. దేశ భద్రతకు హాని చేసే సమాచారం ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. కానీ ఫలానా శాఖలో ఎన్ని ఖాళీలు, అందులో మహిళలకు ఎన్ని, ఏ ఉత్తర్వు ప్రకారం, ఇలాంటివి పది రూపాయల రుసుముతో అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ కాగితం చేతిలో ఉంటే మీ ఉత్తరం బరువే వేరు.

ఆ తర్వాత పార్లమెంటు. రాజ్యసభ, లోక్‌సభ రెంటికీ అర్జీల కమిటీలున్నాయి. ఇది వట్టి అలంకారం అనుకోకండి. 'ఒకే ర్యాంకు ఒకే పెన్షన్' మీద మాజీ సైనికుల అర్జీని రాజ్యసభ కమిటీయే తీసుకుని, భగత్ సింగ్ కోశ్యారీ అధ్యక్షతన విచారించి, అమలు చేయమని 2011 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. 2015లో ప్రభుత్వం ప్రకటించింది. కోర్టులో నడుస్తున్న విషయమైతే మాత్రం కమిటీ తీసుకోదు. తెలుగులో రాసినా ఇంగ్లీషు అనువాదం జతచేసి దానిమీదా సంతకం పెట్టండి. రక్షణ శాఖ స్థాయీ సంఘం కూడా ఉంది. అందులో మన రాష్ట్రం ఎంపీ ఉన్నారేమో చూసి, వారి చేతికే ఇవ్వండి.

ఉత్తరం ఎలా ఉండాలంటే, ఒక్క విషయం మీద, ఒక్క పేజీ. నా అనుభవం చెబుతాను. మంచు బూట్లు నాకు సరిపోయే సైజు స్టోర్‌లో ఉండేది కాదు. రెండు జతల మేజోళ్ళు వేసుకుని తిరిగేదాన్ని. ఆ స్టోర్ లెక్కలు రాసేదాన్నీ నేనే. "మహిళలకు సౌకర్యాలు కల్పించాలి" అని మాలో కొందరు రాసిన కాగితాలకు జవాబే రాలేదు. "ఫలానా బూటు ఐదో సైజు ఇండెంట్‌లో (సామాను కోరే పత్రం) చేర్చాలి, ఈ యూనిట్లకు ఇన్ని జతలు" అని రాసినదానికి ఆ సీజన్‌లోనే కదలిక వచ్చింది. ఏ ఉత్తర్వు, అందులో ఏ మాట, దాని బదులు ఏ మాట కావాలి, దానివల్ల ఎవరికి ఏం జరుగుతోంది. ఈ నాలుగూ రాస్తే ఫైలు పట్టుకున్న గుమాస్తాకు కూడా ఏం చేయాలో తెలుస్తుంది.

నేనడిగే పెద్ద కోరిక ఒకటుంది, దాన్ని మీ ఉత్తరంలో చివరి వాక్యంగా చేర్చమని ఈ పేజీ చదివే అందరినీ అడుగుతున్నాను. చట్టాల ముసాయిదాలను కనీసం 30 రోజులు ప్రజల ముందు పెట్టాలని 2014లో కేంద్రమే ఒక విధానం చేసుకుంది. సైన్యంలో ఎవరు చేరొచ్చు, ఎవరు ఎంతకాలం ఉండొచ్చు అన్నది చాలావరకు చట్టంతో కాక పాలసీ లెటర్లతో నడుస్తుంది. అవి ఆ విధానం కిందికి రావు. యుద్ధ రహస్యాలు అక్కర్లేదు, నియామకం, సర్వీసు షరతుల ముసాయిదాలనైనా ముందే ప్రకటించి అభిప్రాయాలు తీసుకోవాలి. అలా తీసుకుని ఉంటే పెన్షన్‌కు 20 ఏళ్ళు కావాల్సిన చోట మమ్మల్ని 14 ఏళ్ళకే ఇంటికి పంపడం ఏం న్యాయమని ఎవరో ఒకరు మొదట్లోనే అడిగి ఉండేవారు. నా తోటివాళ్ళు చాలామంది పెన్షన్ లేకుండానే బయటికొచ్చారు, నేనూ వచ్చాను. 2020 తీర్పు అప్పటికి సర్వీసులో ఉన్నవాళ్ళకు అందింది.

మీ ఉత్తరం రాశాక పంపేముందు ఒక నకలు ఈ పత్రిక చిరునామాకు పంపండి. ఉత్తర్వుల సంఖ్యలు, తేదీలు సరిచూసి తిప్పి పంపుతాను.